టఫ్లీల ఇంట్లో గొంతు పెంచకూడదు

టఫ్లీల ఇంట్లో గొడవ జరిగితే వాళ్ళు గుడ్డలకు రంగు వేసే నీలిమందు తొట్టి చచ్చిపోతుందని నెదర్ కూంబ్ ఊరంతా నమ్మేది. పబ్బులో పొయ్యి పక్కన చేరే గొర్రెలకాపరులు నమ్మేవారు, చర్చిలో ముందు వరసలో కూర్చునే రైతుల భార్యలు నమ్మేవారు, కంటితో చూసిందే తప్ప మరేదీ నమ్మనని చెప్పుకునే పోస్ట్‌మాన్ కూడా నమ్మేవాడు. సాక్ష్యం అడిగితే రెండు సంఘటనలు చెప్పేవారు. అంబ్రోస్ టఫ్లీ చెల్లెలు ప్రూడెన్స్ అన్నగారింటికి వచ్చిన కొత్తలో, వంటింటి అలమర విషయంలో వదినతో గట్టిగా మాట్లాడింది. మర్నాటికల్లా తొట్టిలోని ద్రవం బూడిదరంగుకు తిరిగి ఎందుకూ పనికిరాకుండా పోయింది. మరోసారి సున్నం అమ్మేవాడు తూకం దగ్గర పేచీ పెట్టి వాకిట్లో కేకలు వేసి వెళ్ళాడు. ఆ వారంలోనే తొట్టి మళ్ళీ చచ్చింది. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

ఈ నమ్మకం వల్ల ఆ ఇంటి మర్యాదలు వింతగా తయారయ్యాయి. ఇంటి యజమానురాలు హానర్, ఎవరి గొంతయినా కాస్త పెరిగితే చాలు, దగ్గర్లో ఏది ఉంటే దాని మీద రెండు వేళ్ళతో టక్‌టక్‌మని కొట్టేది. బల్ల అయితే బల్ల, టీ కెటిల్ అయితే కెటిల్. మాట అక్కడితో ఆగిపోవాలి. వదినా ఆడపడుచుల మధ్య పోట్లాటలు లేకపోలేదు గాని, అవి పింగాణీ పళ్ళేలు ఒక అరలోంచి ఇంకో అరలోకి మారడం ద్వారా మాత్రమే సాగేవి. అయితే అదే ఇంటి ముందుగదిలో పొద్దుటినుంచి సాయంత్రం దాకా గుడ్డల మీద పువ్వులు అద్దే చెక్క అచ్చుల మీద కొయ్యసుత్తి దబదబ పడుతూ ఉండేది. ఆ మోతను సహించే తొట్టికి మనిషి గొంతు ఎందుకు సరిపడదో అడగాలని ఎవరికీ తోచలేదు.

అది 1932 అక్టోబరు. కిటికీ అద్దాల మీద లోయలోని మంచు ఇంకా విడలేదు. టఫ్లీలు నలుగురూ వంటింట్లో కూర్చుని ఓట్స్ జావ తాగుతున్నారు. అంబ్రోస్, హానర్‌ల ఏకైక కూతురు ఫీబీకి ఇరవై మూడేళ్ళు. ఆ ఉదయం ఆమె కుర్చీలో నిలవలేకపోతోంది. ఉప్పు కోసం లేచింది, ఉప్పు ముందే ఉందని కూర్చుంది. కెటిల్ చూడడానికి లేచింది. బల్ల కింద ఆమె మోకాలు ఆగకుండా ఊగుతుంటే చెంచాలు సన్నగా గలగలలాడుతున్నాయి.

“కుర్చీలో ఏమైనా పురుగు దూరిందా పిల్లా?” అంది ప్రూడెన్స్ అత్త, ఆ ఇంటి అలవాటు ప్రకారం గుసగుసగా.

ఫీబీ ఎన్నో రోజులుగా చెప్పలేకపోతున్న మాట ఒకటి ఉంది. పక్క పట్టణంలో సాయంత్రపు తరగతులకు వెళ్తున్న మాట ఇంట్లో అందరికీ తెలుసు. అవి బొమ్మలు గీసే తరగతులని వాళ్ళు అనుకుంటున్నారు. ఆమె నేర్చుకుంటున్నది రసాయన శాస్త్రం. అక్కడి ఉపాధ్యాయుడి సిఫారసుతో మాంచెస్టర్‌లో రంగులు తయారుచేసే ఒక సంస్థ ప్రయోగశాలలో ఉద్యోగం దొరికింది. సోమవారం నాడు చేరాలి. ఒప్పుకున్నానని వాళ్ళకు చెప్పేసింది. తల్లికి చెప్పడమే మిగిలింది.

అదే అన్నిటికంటే కష్టం. హానర్‌కు అలాంటి సంస్థలు బొగ్గు తారులోంచి తీసే రంగులంటే ఒళ్ళుమంట. మూతపడ్డ ఒక పాత అద్దకపు కర్మాగారం నుంచి అచ్చులు కొనుక్కొచ్చి, ఎవరూ నేర్పకుండా, వంటింటి బల్ల మీద తనంతట తానే అద్దకం నేర్చుకున్న మనిషి ఆవిడ. మంజిష్ఠ వేళ్ళు, ఓక్ చెట్టు బెరడు, తుప్పుపట్టిన ఇనుము, నీలిమందు, ఇవి తప్ప మరో రంగును గడప దాటనిచ్చేది కాదు. ఇప్పుడు లండన్ నుంచి దొరసానులు కార్లు వేసుకుని పరదా గుడ్డల కోసం వస్తున్నారంటే అది ఆ పట్టుదల ఫలితమే.

“అమ్మా,” అంది ఫీబీ, చెంచా కింద పెట్టి. “సోమవారం...”

“సోమవారం బోర్డు రాసేవాడు వస్తాడు,” అంది హానర్. ఆవిడ మొహం దీపం వెలిగించినట్టుంది. “నీకు చెప్పకుండా దాచాలనుకున్నాను గాని నావల్ల కావడం లేదు. ‘హానర్, ఫీబీ టఫ్లీ, చేతి అద్దకం’ అని రాయిస్తున్నాను. నీ పేరు నా పేరంత పెద్ద అక్షరాలతోనే ఉంటుంది.”

ఫీబీ నోరు తెరిచింది. ఏ శబ్దం వచ్చిందో ఆమెకే తెలియదు గాని, అది కాస్త పెద్దదే అయివుండాలి, ఎందుకంటే తల్లి వేళ్ళు జావ గిన్నె అంచు మీద టక్‌టక్‌మన్నాయి. అంబ్రోస్ టీ ముగించి, ఎప్పటిలాగే ఏమీ అనకుండా, పెరట్లో ఉన్న పాత గుర్రపుసాలలోని తొట్టి దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ వారమంతా ఒకటే పని. ఆడపిల్లల కళాశాల ఒకటి తమ భోజనశాలకు నీలం పరదాలు కోరింది. బంకమట్టీ జిగురూ కలిపిన లేపనాన్ని అచ్చుతో గుడ్డ మీద అద్ది, ఆరాక తొట్టిలో ముంచితే, లేపనం ఉన్నచోట తెలుపు నిలుస్తుంది, మిగతాదంతా నీలమవుతుంది. ఆ అద్దకాన్ని తల్లీ కూతుళ్ళిద్దరూ కలిసి చేస్తారు. హానర్ మణికట్లు వాతంతో వాచిపోయి చాలాకాలమైంది. ఆవిడ ఇప్పుడు సుత్తి ఎత్తలేకపోతోంది. అందువల్ల అచ్చును గుర్తుల మీద సరిగ్గా కూర్చోబెట్టడం ఆవిడ వంతు, ఆవిడ చేయి తీయగానే సుత్తితో అచ్చు వీపు మీద కొట్టడం ఫీబీ వంతు. ఒకరి మొహం ఒకరు చూసుకోవలసిన అవసరం లేదు. ఊపిరితో కొలిచినట్టు చేయి లేస్తుంది, సుత్తి పడుతుంది. ఇలాంటి జోడీ కుదరడానికి ఏళ్ళు పడుతుంది. ఒకరు తప్పుకుంటే రెండోవారికి పని ఉండదు. ఆ సంగతి తల్లికి ఎంత తెలుసో కూతురికీ అంతే తెలుసు.

ఆ రోజు సుత్తి ముందే పడింది. హానర్ వేళ్ళు సగం లేచాయో లేదో, అచ్చు మీద దబ్బుమంది. వెంట్రుకవాసిలో వేళ్ళు తప్పించుకున్నాయి. అచ్చు పక్కకు జరిగి, గుడ్డ మీద పువ్వు రెండుగా పడింది.

హానర్ కోప్పడలేదు. తడిగుడ్డతో ఆ లేపనం తుడుస్తూ, ఒంట్లో బాగాలేదా అని మెల్లగా అడిగింది. బాగానే ఉందని కూతురు చెప్పింది. అయితే ఎవరైనా కుర్రవాడా అని తల్లి ఇంకా మెల్లగా అడిగింది. కుర్రవాడూ లేడు, ముసలివాడూ లేడు అని కూతురు చెప్పింది. ఫీబీ మాటిమాటికీ సుత్తి చేతులు మార్చుకుంటూ, ఆరిన గుడ్డలు లెక్కపెడుతున్నట్టు కిటికీ దాకా వెళ్ళి వస్తూ, మధ్యాహ్నం దాకా గది అంతా కాలుగాలిన పిల్లిలా తిరిగింది.

మధ్యాహ్నం గుడ్డలు ముంచే పని. తొట్టి గుర్రపుసాల నేలలోకి దించి ఉంటుంది. పక్కన చిన్న పొయ్యి, పైన చెక్క మూత. మూత తీస్తే రాగిరంగు పొర, దాని కింద పసుపుపచ్చని ద్రవం. తవుడు, మంజిష్ఠ, సున్నం, నీలిమందు కలిసి పులిసిన ఆ వాసనకు కొత్తవాళ్ళు గడప దగ్గరే ఆగిపోతారు. అంబ్రోస్ పరదాను కొక్కేల చట్రానికి తగిలించి, కప్పీ తాడుతో మెల్లగా దించుతున్నాడు. హానర్, ఫీబీ అంచులు పట్టుకున్నారు. అప్పుడే బజారు నుంచి వచ్చిన ప్రూడెన్స్, టోపీ కూడా తీయకుండా గుమ్మంలో నిలబడింది.

“స్టేషన్ మాస్టరు భార్య కనిపించింది,” అంది గుసగుసగా. “మన ఫీబీ సోమవారానికి మాంచెస్టర్‌కు టిక్కెట్టు తీసుకుందట. వెళ్ళడానికి మాత్రమే. తిరుగు టిక్కెట్టు అడగలేదట.”

దాంతో ప్రపంచంలో మరే ఇంట్లోనూ జరగని పోట్లాట ఒకటి మొదలైంది. అంతా గుసగుసలే. మాంచెస్టర్‌లో నీకేం పని అని తల్లి అడిగింది. ఉద్యోగమని కూతురు చెప్పింది. ఏం ఉద్యోగమని తల్లి. రంగుల సంస్థలో, ప్రయోగశాలలో, అని కూతురు. బొమ్మల తరగతి అబద్ధమని ఒక్కొక్క ముక్కగా బయటపడింది. ప్రూడెన్స్ మధ్యలో తలదూర్చి, తను మాత్రం ఆ బొమ్మలెప్పుడూ చూడలేదనీ, అప్పుడే అనుమానం వచ్చిందనీ అంది.

“తారు రంగులు కలపడానికా నిన్ను పెంచింది?” హానర్ గొంతు ఈల వేసినట్టుగా సన్నబడింది. “నా చేతులు ఇలా అయిపోయాయని తెలిసే పోతున్నావా?”

“తెలిసే నిద్రపట్టక చస్తున్నాను. అమ్మా, ఈ గుడ్డ పచ్చగా బయటికొచ్చి, చూస్తుండగా నీలమవుతుంది. ఎందుకని చిన్నప్పటినుంచి అడుగుతున్నాను. దాని స్వభావమంతే అంటావు. నాకది చాలడం లేదు.”

హానర్ వేళ్ళు తొట్టి అంచు మీద టక్‌టక్‌మన్నాయి.

“కొట్టకు,” అంది ఫీబీ. “ఇంకొక్కసారి అలా కొట్టావంటే ఊరంతా వినేట్టు అరుస్తాను.”

హానర్ కావాలని కొట్టలేదు. ఆ వేళ్ళు ఎన్నో ఏళ్ళుగా ఆవిడ అనుమతి అడగడం మానేశాయి. టక్‌టక్.

ఫీబీ అరిచింది. గుర్రపుసాల కప్పు మీది పావురాలు ఒక్కసారిగా లేచిపోయాయి.

“నేను వెళ్తున్నాను. వెళ్తున్నానని చెప్పడానికి నాకు ఈ ఇంట్లో చోటు లేదు. నవ్వడానికి లేదు, ఏడవడానికి లేదు. పదేళ్ళప్పుడు గోడ మీదినుంచి పడి చెయ్యి విరిగితే, ఏడిస్తే తొట్టి చచ్చిపోతుందని నవ్వుకుంటూ ఇంట్లోకి వచ్చాను. ఆ చెయ్యి వేలాడుతోంది అమ్మా, నేను నవ్వుతున్నాను. నాకంటే నీకీ తొట్టే ఎక్కువ.”

“తొట్టి కోసం కాదే!”

అది హానర్ గొంతని గుర్తుపట్టడానికి అక్కడున్నవాళ్ళకే క్షణం పట్టింది. ఏళ్ళ తరబడి తెరవని తలుపులా కిర్రుమంది. చెప్పకూడని మాట చెప్పేశానని ఆవిడకు తెలిసింది. కాని ఇక ఆపలేకపోయింది.

“మీ నాన్న కోసం. యుద్ధం నుంచి వచ్చిన కొత్తలో మూకుడు కింద పడితే బల్ల కింద దూరేవాడు. ఎవరైనా పెద్దగా పిలిస్తే గంటల తరబడి వణికేవాడు. నీకు తొమ్మిదేళ్ళు. మీ నాన్న భయపడతాడు, అరవకు అని నీకెలా చెప్పను? వీధిలో పిల్లలతో అనేస్తావు. వాళ్ళు గోడ పక్కన చేరి అరుస్తారు, ఎలా ఉంటాడో చూద్దామని. అందుకే తొట్టి చచ్చిపోతుందన్నాను. నీకొక్కదానికే చెప్పాను. ఊరికి ఎలా పాకిందో నాకు తెలియదు.”

ముగ్గురు ఆడవాళ్ళూ భయం భయంగా అంబ్రోస్ వైపు తిరిగారు. అతడు తాడు పట్టుకునే ఉన్నాడు. ఈ కేకలన్నిటి మధ్యా అతడి చేయి తన పని తాను చేసుకుపోయింది. సమయానికి చట్రం పైకి లేచింది. పరదా వాళ్ళ తలల మీద నీళ్ళోడుతూ వేలాడుతోంది. పచ్చదనం అంచులనుంచి విరిగిపోయి నీలం పరుచుకుంటోంది. హానర్ ఆ గుడ్డను చూడలేదు. తాడు పట్టుకున్న చేతినే చూసింది. అది వణకడం లేదు.

“అదంతా ఎప్పుడో తగ్గిపోయింది, హానర్,” అన్నాడు అంబ్రోస్. “పక్కగదిలో సుత్తి మోత వింటూనే కదా రోజూ లేపనం కలుపుతాను.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు అడగలేదు.” అతడు తాడును కొయ్యకు చుట్టి ముడివేశాడు. ఆ ఇంట్లో అతడు ఇన్ని మాటలు ఒక్కచోట మాట్లాడింది లేదు. “ఈ తొట్టిని చూసుకునేది నేను. చలికి చస్తుంది, సున్నం ఎక్కువైతే చస్తుంది. మాటలకు చావదు. అది నాకు తెలుసు. అందుకని మీరు గుసగుసలాడుకునేది తొట్టి కోసం కాదనుకున్నాను. నాకు వినపడకూడదని అనుకున్నాను. నేను గదిలోకి రాగానే గొంతులు తగ్గిపోయేవి. నా గురించేననుకున్నాను. ఈ మనిషి దేనికీ పనికిరాడని చెప్పుకుంటున్నారేమో అని.”

“ఇన్నేళ్ళూనా?” అంది హానర్.

“ఇన్నేళ్ళూ.”

హానర్ బోర్లించిన బక్కెట్టు మీద కూలబడి, లేపనం మరకలున్న ఏప్రాన్ ఎత్తి మొహానికి కప్పుకుంది. ఆవిడ ఏడుపు మొదట అలవాటుగా చప్పుడు లేకుండానే వచ్చింది. తర్వాత అంబ్రోస్ వచ్చి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని భుజం మీద చేయి వేసేసరికి, అడ్డూ ఆపూ లేకుండా పెద్దగా వచ్చింది. అతడు బెదరలేదు. ఆవిడ ఎంత గట్టిగా ఏడిస్తే అంత దగ్గరికి జరిగాడు.

గుమ్మంలో ప్రూడెన్స్ టోపీ పిన్ను పీకి మళ్ళీ గుచ్చుకుంది. “అలమర గురించి నేను గొడవపడ్డ మర్నాడు చచ్చింది కదా. దాని సంగతేమిటి?”

“ఆ రాత్రి వాగు గడ్డకట్టింది, ప్రూ. నేను పొయ్యిలో కట్టె వేయడం మర్చిపోయి నిద్రపోయాను.”

“నువ్వా? పన్నెండేళ్ళుగా ఊళ్ళో నన్ను తొట్టిని చంపినదానా అని పిలుస్తుంటే విని ఊరుకున్నావా?”

“నువ్వు దానికి గర్వపడుతున్నావనుకున్నాను,” అన్నాడు అన్న.

ఫీబీకి నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. ఆమె తల్లి ముందు నేల మీద చతికిలబడి, వాచిన ఆ మణికట్లను పట్టుకుంది. ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియక, వెళ్ళడం మానేస్తానంది. పొయ్యి వేడికి ఆమె మొహం ఎర్రబడింది. ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆమె మోకాలు ఊగుతూనే ఉంది. హానర్ అది చూసింది.

“చెయ్యి విరిగిన రోజు నువ్వు నవ్వుతూ వచ్చావు,” అంది హానర్, ఏప్రాన్‌తో ముక్కు తుడుచుకుంటూ. “నాకు అన్నం దిగలేదు. అప్పుడే నిజం చెప్పెయ్యాల్సింది. చెప్పలేకపోయాను. ఇప్పుడు మళ్ళీ నా కోసం నవ్వుతూ ఉండిపోతానంటావా? నాకొద్దు. వెళ్ళు.”

“మరి సుత్తి?”

“సుత్తి నేను పడతాను,” అంది ప్రూడెన్స్. “కొట్టడానికి నాకు చాలా ఉంది. పన్నెండేళ్ళ కోపం దాచిపెట్టుకున్నాను.”

“అచ్చు మీద కొట్టాలి ప్రూ, నా వేళ్ళ మీద కాదు,” అంది హానర్. అప్పుడు అంబ్రోస్ నవ్వాడు. ఆ నవ్వు ఎలా ఉంటుందో ఫీబీకి జ్ఞాపకం లేదు. తనకు తొమ్మిదేళ్ళు రాకముందు విని ఉంటే విని ఉండాలి.

హానర్ తల ఎత్తి పరదా వైపు చూసింది. మధ్యలో ఎక్కడో మిగిలిన చివరి పచ్చమరక కూడా వాళ్ళ కళ్ళముందే మాయమైంది. ఆవిడ చాలాసేపు చూసింది.

“ఎందుకలా అవుతుందో వాళ్ళు నీకు చెప్తారా అక్కడ?”

“చెప్తారమ్మా.”

“తెలిసినరోజే నాకు రాయి. నాకూ మొదటినుంచీ తెలుసుకోవాలనే ఉంది. అడిగితే చదువురానిదంటారని ఊరుకున్నాను.”

ఫీబీ కేకకు వీధిలో బండ్లు ఆగిపోయాయి. సాయంత్రం లోపల ముగ్గురు పొరుగింటివాళ్ళు ఉప్పు అప్పు అడగడానికి వచ్చి, గుర్రపుసాల వైపు తొంగిచూసి, సానుభూతి చూపించి వెళ్ళారు. కళాశాల పరదాల గతేమిటని పబ్బులో చర్చ జరిగింది. శుక్రవారం, శనివారం ఆ ఇంట్లోంచి మాటలు పెద్దగానే వినిపించాయి. అవి ఎక్కువగా కొత్త సుత్తి మనిషికి పాత అచ్చు మనిషి పెట్టిన చీవాట్లు. మధ్యమధ్యలో ఒక మగగొంతు కూడా వినిపించింది. అది ఎవరిదో పొరుగువాళ్ళు వెంటనే పోల్చుకోలేకపోయారు. సోమవారం రైలు దగ్గర హానర్ ప్లాట్‌ఫారమంతా వినబడేలా, శాలువా కప్పుకో, తడిబట్టలు కట్టుకోకు, అని కూతురికి చెబుతూనే ఉంది. రైలు మలుపు తిరిగేదాకా చెప్పింది.

ఊరు మాత్రం నమ్మకం మార్చుకోలేదు. ఆ రోజు జరిగింది అసలు గొడవే కాదని తీర్మానించుకుంది.

స్టేషన్ నుంచి తిరిగి వచ్చాక అంబ్రోస్ గుర్రపుసాలలోకి వెళ్ళి మూత తీశాడు. పైన రాగిరంగు పొర దళసరిగా కట్టి ఉంది. కర్రతో పక్కకు తోసి చూస్తే కింద ద్రవం పసుపుపచ్చగా, వెచ్చగా ఉంది. తొట్టి బతికే ఉంది.